అరుగు కబుర్లు: పద్దెనిమిది అడుగుల బల్ల

క్రిందటి నెల ఈ అరుగు మీద కూర్చుని మధుమేహం గురించి, మన విందుల్లో మూడోసారి వడ్డించే పులిహోర గురించి నాలుగు మాటలు రాశాము. "డాక్టరుగారూ, తినేటప్పుడు గుర్తుకు రాని విషయాలు రాయండి బాబూ" అని ఇద్దరు ముగ్గురు సోదరీమణులు ఫోను చేశారు. సరే, ఈసారి తిండి జోలికి పోము. ఇంటి సంగతి మాట్లాడుకుందాం. మనలో చాలామందికి ఇక్కడ ఒక ఇల్లుంది, అది బ్యాంకుకు బాకీ. అక్కడ ఇంకొక ఇల్లుంది, అది మనసుకు బాకీ. ఈ నెల కబురు ఆ రెండో బాకీ గురించి.

ఆ ఆదివారం రాత్రి డ్యూటీ దిగివచ్చి కాస్త కునుకు తీసి లేచేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. బందరులో ఉదయం ఏడున్నర. అక్కయ్య వాట్సాప్‌లో పిలిచింది. ఫోను కిటికీలో నిలబెట్టి, సావిట్లో టేపు పట్టుకుని కొలుస్తోంది. "ఒరే, చీర అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. మన సావిడి ఇరవయ్యొకటి. అటు అడుగున్నర, ఇటు అడుగున్నర మనిషి తిరగడానికి. నా బల్ల పట్టింది!" అంది. ఆ గొంతులో అంత సంతోషం విని మూడేళ్ళయింది. కానీ మా కళ్ళు ఆవిడ ముఖాన్ని చూడడం లేదు. టేపు రెండో కొస అమ్మ మంచం కోడుకు కట్టి ఉంది.

ఇల్లు ఎలాంటిదో చెప్పకపోతే మా బాధ మీకు అర్థం కాదు. మా అమ్మగారి తండ్రి బందరు కోర్టులో ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. ఈడేపల్లి వైపు ఆయన కట్టుకున్న మండువా ఇల్లు. వీధివైపు రెండు అరుగులు (ఈ శీర్షిక పేరు అక్కడినుంచి వచ్చిందే), దాటితే సావిడి, దాని వెనక నాలుగు టేకు స్తంభాల మధ్య మండువా, వానపడితే నీళ్ళు నాలుగు వైపుల పెంకుల మీదినుంచి దిగి గచ్చు మీద పడేవి. చిన్నప్పుడు మేము కాగితం పడవలు వేసింది కాలవలో కాదు, ఇంటి నడిమధ్యనే. పెరట్లో నుయ్యి, కరివేపచెట్టు, తాతయ్య చేత్తో పెట్టిన బాదంచెట్టు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకు పన్నెండేళ్ళు. బందరులో ఎన్నో ఇళ్ళ కప్పులు లేచిపోయినా మా ఇంటి దూలాలు నిలబడ్డాయట. చుట్టుపక్కల గుడిసెల్లోని జనం, పొలాలనుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళు, కలిపి నలభైమంది ఆ సావిట్లో మూడు రోజులున్నారట. ఆ మూడు రోజులూ అమ్మమ్మ కాగులతో గంజి కాచి పోసిందట. ఈ కథ ప్రతి ఏడూ నవంబరులో వినేవాళ్ళము. కాబట్టి ఆ సావిడి అంటే మాకు నాలుగు గోడలు కాదు, ఒక దేవాలయం. దేవాలయంలో ఎవరైనా అద్దకపు బల్ల వేస్తారా?

ఇక మనుషుల సంగతి. అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. నాన్నగారు అంతకు ముందే పోయారు. అమ్మకు మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు డయాలిసిస్. అన్నయ్య హైదరాబాదులో ఉద్యోగం, మేము మెల్‌బోర్న్‌లో రోగుల మధ్య. అక్కయ్య మచిలీపట్నంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. వారానికి మూడు పూటలు సెలవు ఇచ్చే స్కూలు ఎక్కడుంటుంది? మానేసింది. రెండేళ్ళ పాటు తెల్లవారుఝామున అయిదింటికి అమ్మను ఆటోలో ఎక్కించుకుని వెళ్ళడం, నాలుగు గంటలు పక్కన కూర్చోవడం, నీళ్ళు గ్లాసులతో కొలిచి ఇవ్వడం, పొటాషియం ఎక్కువని అమ్మకు ఇష్టమైన కొబ్బరినీళ్ళు, అరటిపండు దాచిపెట్టడం, అన్నీ ఆవిడే. మేము ఇక్కడినుంచి రక్తపరీక్షల ఫోటోలు చూసి సలహాలు పంపేవాళ్ళము. గుంటూరులో ఎం.బి.బి.యస్. చదివింది మేము, ఇక్కడ మళ్ళీ పరీక్షలన్నీ రాసి పాసయ్యిందీ మేము, అమ్మకు వైద్యం చేసింది మాత్రం బి.కాం. చదివిన అక్కయ్య. ఈ వాక్యం రాయడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

ఆఖరి ఏడాది ఆటోకు దగ్గరగా ఉంటుందని, గాలి తగులుతుందని అమ్మ మంచం గదిలోనుంచి సావిట్లోకి మార్చింది. అమ్మ అక్కడే పోయింది. ఆ మంచాన్ని ఎవరూ కదపలేదు. మేమే కదపవద్దన్నాము. మెల్‌బోర్న్ నుంచి.

అమ్మ ఆస్తి కనుక చట్టప్రకారం ముగ్గురికీ సమానమే. 1956 హిందూ వారసత్వ చట్టంలో తల్లి పేరన ఉన్న ఆస్తికి కొడుకు, కూతురు అన్న తేడా మొదటినుంచీ లేదు. అన్నయ్యది ఒక ఆలోచన: బిల్డరుకు ఇస్తే నాలుగంతస్తులు లేపి మనకు మూడు ఫ్లాట్లు ఇస్తాడు. 2023లో రేవు పనులు మొదలయ్యాక బందరులో స్థలాల ధరలు ఎట్లా పెరిగాయో చూడండని లెక్క పంపాడు. అన్నయ్యను తప్పు పట్టలేము. ఇద్దరు పిల్లల చదువులు, హైదరాబాదు ఖర్చు. అక్కయ్యది ఇంకొక ఆలోచన: సావిట్లో అద్దకపు పని పెడతాను. మాది మూడో ఆలోచన, అదేమిటంటే ఏమీ చెయ్యకుండా ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉండాలి. మాది ఆలోచన కాదు, అది ఫోటో అని మా ఆవిడ అంది. ఆవిడ మాటకు అప్పట్లో కోపం వచ్చింది.

అక్కయ్యకు ఈ పని ఎక్కడ అబ్బిందంటే డయాలిసిస్ సెంటర్లోనే. పక్క మంచం మీది రోగి భార్యది పెడన, వాళ్ళింట్లో తరతరాలుగా అద్దకం. నాలుగేసి గంటలు పక్కపక్కన కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? అచ్చుల గురించి, రంగుల గురించి. అమ్మ పోయాక అక్కయ్య ఏడాదిపాటు బస్సులో పెడన వెళ్ళి వచ్చింది. పది కిలోమీటర్లే గదా. నలభయ్యోపడికి దగ్గరపడుతున్న మనిషి, పదిహేనేళ్ళ పిల్లల పక్కన నిలబడి అచ్చు ఎత్తడం నేర్చుకుంది.

మన పిల్లలకు చెప్పడానికైనా పనికివస్తుంది కాబట్టి ఈ విద్య సంగతి కొంచెం చెబుతాము. కలంకారీ అంటే రెండు దారులు. కాళహస్తిలో వెదురు కలంతో చేత్తో బొమ్మ గీస్తారు. బందరు, పెడనల్లో టేకుచెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగి వర్తకం పెట్టుకున్నది, వాళ్ళకంటే కొద్దిగా ముందు డచ్చివాళ్ళు వచ్చింది, ఈ తీరపు గుడ్డల కోసమే. యూరపు దొరసానులు ఒకప్పుడు మోజుపడ్డ చీటీగుడ్డల్లో మనవాళ్ళ అద్దకాలున్నాయి.

ముందు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకోవడానికి, పాలలోని కొవ్వు అచ్చు వేసినచోట రంగు అలుక్కుపోకుండా ఉండడానికి. నలుపుకు పాత ఇనపముక్కలు బెల్లపునీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసీం అంటారు. అది కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు, అప్పటికి అక్కడ ఏమంత రంగు కనపడదు. తరవాత రాగి కాగులో ఎర్రరంగు నీళ్ళతో ఉడకబెడితే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు తేలుతుంది. ఎక్కడ ఏ రంగు వస్తుందో అద్దేవాడికి తెలియాలి, గుడ్డ మీద అప్పటికి ఏమీ కనిపించదు. మధ్యమధ్యలో పారే నీళ్ళలో జాడించాలి. నిలవనీటిలో జాడిస్తే వదిలిన రంగు పక్కకు అంటి మచ్చలు పడతాయి. అందుకే ఈ పని కాలవగట్లను పట్టుకుని బతికింది.

సాధారణంగా చిన్న బల్ల మీద గుడ్డను జరుపుకుంటూ అద్దుతారు. అక్కయ్యకు చీర మొత్తం ఒకేసారి పరుచుకోవాలని పట్టుదల. కొంగునుంచి కుచ్చిళ్ళదాకా బొమ్మ ఒక కథలా నడవాలట. అందుకని పద్దెనిమిది అడుగుల బల్ల.

మేము డాక్టరులము గనుక అభ్యంతరాలన్నీ ఆరోగ్యశాస్త్రం ముసుగులో వేశాము. కాగు పెట్టి ఉడికిస్తే పొగ, ఆవిరి, కాలిన గాయాలు. ఇనపనీళ్ళు, పటికనీళ్ళు పెరట్లో పోస్తే నుయ్యి పాడు. అక్కయ్య విని, "ఉడకబెట్టడం, జాడించడం పెడనలోనే. కాలవ వాళ్ళకుంది, కాగులు వాళ్ళకున్నాయి, ఆ పనికి కూలి వాళ్ళకు దక్కాలి. మన ఇంట్లో బొమ్మ గీయడం, అద్దడం, అమ్మడం. ఇంతే" అంది. మేము ఇంకొక బాణం తీశాము. అచ్చు గుడ్డ మీద పెట్టి అరచేతి మొదలుతో గుద్దుతారు గదా, రోజుకు వందలసార్లు. అరచేతిని సుత్తిలా వాడేవాళ్ళకు చిటికెనవేలి వైపు రక్తనాళం దెబ్బతిని వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు ఒకటుంది. వైద్యగ్రంథాల్లో దాని పేరు హైపోథెనార్ హ్యామర్ సిండ్రోమ్. ఇది విని అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. మేము గెలిచామనుకున్నాము. "అయితే ఏం చెయ్యాలి?" అని అడిగింది.

చూశారా, మేము వద్దనడానికి చెప్పిన మాట ఆవిడ మందు చీటీలా తీసుకుంది. చెప్పక తప్పలేదు. బల్ల ఎత్తు నిలబడిన మనిషి మోచేతికి కొంచెం కిందుగా ఉండాలి. అచ్చు వీపున, అరచేతికి కూడా మెత్త ఉండాలి. గుద్దే చెయ్యి మార్చుతూ ఉండాలి, గంటకొకసారి పది నిమిషాలు వదిలెయ్యాలి. వేళ్ళు చల్లబడినా, రంగు మారినా వెంటనే చూపించుకోవాలి. పొగ తాగేవాళ్ళు ఈ పనికి మరీ ప్రమాదం. అన్నీ రాసుకుంది. చివరికి, "ఇంకేమైనా ఉందా, లేక అసలు సంగతి చెబుతావా?" అంది.

అసలు సంగతి మా నోట రాలేదు. మంచం సంగతి.

ఆ తరవాతి వారం డ్యూటీ లేనిరోజు మేము ఒక్కరమే మర్రంబీనా వెళ్ళాము. క్లేటన్ నుంచి సిటీకి రైల్లో వెళ్ళేవారు ఆ స్టేషను రోజూ దాటుతారు, 2018లో పట్టాలను స్తంభాల మీదికి ఎత్తిన తరవాత ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ పేటలోనే మెరిక్ బాయిడ్ అనే ఆయన ఇల్లుండేది. 1888లో పుట్టి 1959లో పోయిన మనిషి. తల్లీ తండ్రీ చిత్రకారులు. వారి అండతో ఇక్కడ స్థలం అమరింది, ఇల్లూ కుండల పనిశాలా కలిపి పెట్టుకున్నాడు. ఆ ఇంటికి ఓపెన్ కంట్రీ అని పేరు. ఆస్ట్రేలియాలో ఒక మనిషి తన చేత్తో బొమ్మ ఊహించి, తానే తిప్పి, తానే కాల్చే స్టూడియో కుండల పనికి ఆయననే ఆద్యుడంటారు. యూకలిప్టస్ కొమ్మలు, ఆకులు, ఇక్కడి జంతువులు కుండల మీద తేలేవి. భార్య డోరిస్ వాటికి రంగులు దిద్దేది. ఆయనకు మూర్ఛ జబ్బు. 1926లో నిప్పు అంటుకుని పనిశాల బూడిదైంది. డబ్బు ఎన్నడూ పెద్దగా నిలవలేదు.

అయితే ఆ ఇంట్లో మట్టి తొక్కుతూ పెరిగిన అయిదుగురు పిల్లలూ, లూసీ, ఆర్థర్, గై, డేవిడ్, మేరీ, కళలోనే బతికారు. ఆర్థర్ బాయిడ్ ఈ దేశపు పెద్ద చిత్రకారుల్లో ఒకడు. 1944లో మిత్రుడు జాన్ పెర్సివల్ వగైరాలతో కలిసి అదే పేటలో కుండల పనిశాల పెట్టి, ఇళ్ళలో వాడుకునే కప్పులు, గిన్నెలు అమ్మి పొట్టపోసుకుంటూ బొమ్మలు వేశాడు. 1993లో షోల్‌హేవన్ నది ఒడ్డున ఉన్న తన బుందనన్ ఎస్టేటు మొత్తాన్ని దేశానికి రాసిచ్చేశాడు.

మరి మర్రంబీనా ఇల్లో? 1960లలో కూల్చేశారు. ఆ కుటుంబం పేరుతో ఒక పార్కు మాత్రం ఉంది. మేము ఆ పార్కులో బెంచీ మీద గంటసేపు కూర్చున్నాము. కుక్కలను తిప్పుకునేవాళ్ళు హలో అని వెళ్ళిపోతున్నారు. ఇల్లు లేదు. కుండలు విక్టోరియా నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. ఆ మట్టిలో మెరిక్, డోరిస్ సావిడిని కదపకుండా కాపాడుకుని ఉంటే ఏం మిగిలేది? అదీ కూలేదే. కూలడానికి ముందు అందులో ఏం జరిగింది అన్నదే తేడా అనిపించింది.

మన దేశంలో లేదా అంటే ఉంది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో లామకాన్ చూసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. అది ఒక కుటుంబపు బంగళా. మొయీద్ హసన్ అనే ఫోటోగ్రాఫరు గారి ఇల్లు. ఆయన పోయాక మేనల్లుడు అష్హర్ ఫర్హాన్, మిత్రులు కలిసి 2010లో దాన్ని నాటకాలకు, పాటకచేరీలకు, పుస్తకాల ముచ్చట్లకు తెరిచారు. బంజారాహిల్స్‌లో ఆ స్థలం ఏం ధర పలుకుతుందో అన్నయ్య లాంటివాళ్ళకు చెప్పనక్కరలేదు. అక్కడి మెట్ల మీద చవక టీ తాగుతూ కూర్చునే కుర్రాళ్ళకు ఆ ఇంటి పాత యజమాని పేరు తెలియకపోవచ్చు. ఆయన ఇల్లు మాత్రం వాళ్ళకు తెలుసు. అద్దకపు పని వ్యాపారం, లామకాన్ వ్యాపారం కాదు, ఆ తేడా ఒప్పుకుంటాము. కానీ ఇంటిని ప్రేమించడానికి తాళం వెయ్యడం ఒక్కటే దారి కాదని తెలియడానికి చాలు.

ఇంటికి వచ్చి వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాము. గడచిన పదేళ్ళలో బందరు ఇంట్లో మేము గడిపిన రోజులు, అమ్మ పోయినప్పటి పన్నెండు రోజులతో కలిపి, నూటికి ఎంతో తక్కువ. ఆ ఇంట్లో అక్కయ్య గడిపినవి అన్నీ. మా గదిలో ఆ ఇంటి ఫోటో పెట్టుకుని, అది చెక్కుచెదరకుండా ఉండాలని, ఆ ఉంచే చాకిరీ అక్కయ్య చెయ్యాలని, పైగా ఆవిడ దాంట్లో బతకడానికి ఏమీ చేసుకోకూడదని మా కోరిక. మంచిదేనా ఇది? మీరే చెప్పండి. మా ఆవిడను అడగలేదు, జవాబు తెలుసు గనుక.

ఆ శనివారం ముగ్గురమూ ఫోనులో కూర్చున్నాము. ఏ మాటా దాచకుండా మాట్లాడుకున్నాము. అన్నయ్య, "వ్యాపారం పోతే ఇల్లూ పోతుంది, అప్పుకు తాకట్టు పెడితే ఎవరు బాధ్యులు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అక్కయ్య అప్పు లేకుండా మొదలుపెడతానంది. బల్ల, ముప్పై అచ్చులు, రెండు థాన్ల గుడ్డ, అన్నిటికీ తన గాజులు రెండు అమ్మిన డబ్బు చాలునంది. మేము గొప్పగా, మా మూడోవంతు నీకు ఉచితం, అద్దె ఏమీ వద్దు అన్నాము. అక్కయ్యకు కోపం వచ్చింది. "అద్దె తీసుకోకపోతే ఇది మీ దయ. రేపు మీకు బుద్ధి మారితే బల్ల వీధిలో ఉంటుంది. తీసుకుంటే నా వ్యాపారం. చిన్నదైనా సరే, అద్దె తీసుకోండి, కాగితం రాయండి" అంది.

ఆ కాగితం ఎలా రాశామో మీకు పనికివస్తుందని చెబుతున్నాము. అన్నదమ్ముల వాటాలు రెండూ అక్కయ్యకు అయిదేళ్ళకు లీజు. మనదేశంలో ఏడాది మించిన లీజును రిజిస్టరు చెయ్యాలి. అందుకే అందరూ పదకొండు నెలల అగ్రిమెంట్లు రాసుకుంటారు. పదకొండు నెలల కాగితం నమ్ముకుని పద్దెనిమిది అడుగుల బల్ల ఎవరూ వెయ్యరు గనుక రిజిస్టరే చేయించాము. మేము వెళ్ళలేము కాబట్టి మెల్‌బోర్న్‌లోని భారత కాన్సులేటులో అన్నయ్యకు పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చాము, ఇల్లు అమ్మే అధికారం లేకుండా, ఈ ఒక్క లీజుకే. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపల స్టాంపు వేయించాలి, మరవకండి. అద్దె మన ఎన్.ఆర్.ఓ. ఖాతాలో పడుతుంది. ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు ఆ అద్దెను ఆస్ట్రేలియా పన్ను కాగితాల్లో కూడా చూపాలి, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు ఉంటుంది. ఇంటిని ఎవరూ తాకట్టు పెట్టకూడదు. టేకు స్తంభాలు, దూలాలు ముట్టుకోకూడదు, గోడకు మేకు కొట్టవచ్చు. అయిదేళ్ళ తరవాత లెక్కలు చూసి, నిలవలేదంటే అన్నయ్య బిల్డరు మాట మళ్ళీ ఎత్తవచ్చు. అక్కయ్య ఒప్పుకుంది. మేమూ ఒప్పుకున్నాము, గుండె రాయి చేసుకుని.

బందరు మాట అలా ఉంచి, మన సంఘంలోనే గరాజులో కూచిపూడి నేర్పేవారు, వెనకగదిలో జాకెట్లు కుట్టేవారు, వంటింట్లో పచ్చళ్ళు పెట్టేవారు ఎంతమంది లేరు? వాళ్ళకు రెండు మాటలు. విక్టోరియాలో కౌన్సిలు పర్మిట్ అడగకుండా ఇంట్లో వ్యాపారం నడపాలంటే, ఇంటి విస్తీర్ణంలో మూడోవంతు గాని వంద చదరపు మీటర్లు గాని, ఏది తక్కువైతే అంతలోనే ఉండాలి. ఇంట్లో ఉండనివాళ్ళు ఒక్కసారికి ఇద్దరికి మించి పనిచెయ్యకూడదు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండకూడదు. తినే వస్తువులు అమ్మితే వేరే రిజిస్ట్రేషను ఉంటుంది. ఒక గదిని పూర్తిగా వ్యాపారానికే కేటాయిస్తే, ఆ ఇల్లు అమ్మేటప్పుడు సొంతింటికిచ్చే పన్ను మినహాయింపులో ఆ మేరకు కోత పడవచ్చు. లెక్కల మనిషిని ముందే అడగండి. ఇంటి ఇన్సూరెన్సు వ్యాపారానికి వర్తించదని, నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల గరాజులో జారిపడితే బాధ్యత మీదేనని గుర్తుంచుకోండి. వైద్యుడిగా ఇంకొక్క మాట: ఇంట్లో పని పెట్టుకున్నవాళ్ళు పని ఆపే వేళ కూడా పెట్టుకోండి. షట్టరు లేని దుకాణానికి మూసే గంట ఉండదు.

ఇక మంచం. పోయిన నెల వడ్రంగి బల్ల తెచ్చి దింపేరోజున అక్కయ్య మళ్ళీ వీడియోలో పిలిచింది. "నువ్వు చూస్తుండగానే తీయాలని" అంది. ఇద్దరు కుర్రాళ్ళు, అక్కయ్య, ఆ డయాలిసిస్ పరిచయపు పెడన ఆవిడ (ఆమె భర్త కూడా పోయాడు, ఇప్పుడు అక్కయ్యతో కలిసి పనిచేస్తుంది) నలుగురూ నాలుగు కోళ్ళు పట్టుకున్నారు. మంచం లేచింది. కింద గచ్చు మీద నాలుగు కోళ్ళ గుర్తులు, నాలుగు నల్లటి బిళ్ళలు. అక్కయ్య వంగి కొంగుతో తుడిచింది. పోలేదు. "ఉండనీ" అన్నాము. "ఉండనివ్వక ఏం చేస్తాం, బల్ల కిందికి వస్తాయి, ఎవరికి కనపడతాయి" అంది. ఇద్దరమూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

బల్ల పడింది. పైన గోనె పరిచి, దాని మీద కంబళి, దాని మీద పాత దుప్పటి. మండువాలోనుంచి వెలుతురు సరిగ్గా దాని మీదికే దిగుతోంది. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో పెరిగి మేము ఆ సంగతి గమనించలేదు. మొదటి చీర ఇంకా రాలేదు. మొదట అద్దిన గుడ్డలో పటిక పల్చనై ఎరుపు తేలలేదట, రెండోది పెడనలో ఉడుకుతోంది. వ్యాపారం నిలుస్తుందా? మాకు తెలియదు. అయిదేళ్ళ తరవాత అన్నయ్య లెక్కే నిజం కావచ్చు. మొదటి నెల అద్దె మాత్రం తారీకు తప్పకుండా ఖాతాలో పడింది. ఆ అంకె చూసి మేము చాలాసేపు కూర్చున్నాము. మా జీవితంలో ఇంత చిన్న మొత్తానికి ఇంత సిగ్గుపడలేదు, ఇంత సంతోషపడనూ లేదు.

ఫోను పెట్టబోతూ బెంగ ఆపుకోలేక, వచ్చే సంక్రాంతికి పిల్లలతో వస్తే ఎక్కడ పడుకోవాలి అక్కయ్యా అని అడిగాము. సావిట్లో చాప వేసుకుని అందరం వరసగా పడుకోవడం అలవాటు గదా.

"బల్ల మీద పడుకోండిరా. పద్దెనిమిది అడుగులు. నువ్వు, మీ ఆవిడ, పిల్లలు, అన్నయ్య పిల్లలు, అందరూ పడతారు. పక్క తడపకపోతే చాలు, కింద కంబళి కొత్తది" అంది.

టిక్కెట్లు కొన్నాము. వచ్చే నెల ఎండాకాలం, వడదెబ్బ, మన పెద్దవాళ్ళు నీళ్ళు తాగకపోవడం గురించి. అందాకా సెలవు.